గ్యాలరీలో నవ్విందెవరు?

లండన్‌లో నేలటిక్కెట్టు అటక మీద ఉంటుంది. డబ్బున్నవాళ్ళు కింద మెత్తటి కుర్చీల్లో కూర్చుంటే, లేనివాళ్ళం ఆయాసపడుతూ మెట్లెక్కి, కప్పుకి తల తగిలే చోట, వీపు ఆనించుకునే దిక్కు కూడా లేని బల్లల మీద కూర్చుంటాం. దాన్ని గ్యాలరీ అంటారు. దానికి గుమ్మం కూడా వేరే. వాళ్ళకి ముందు గుమ్మం, ఎర్ర తివాచీ, తలుపు తీసి వంగే మనిషి. మాకు పక్కసందులో, చెత్తడబ్బాల పక్కన ఒక చెక్క తలుపు. లోపల ఎక్కడా ఆ దారీ ఈ దారీ కలవవు. కట్టించినవాడు బాగా ఆలోచించే కట్టించాడు.

ఒక్క విషయం మాత్రం మర్చిపోయాడు. కొత్త నాటకం మొదటి ఆట అయిపోయాక, రాసినవాడు వేదిక మీదికొచ్చి నిలబడాలి. అది ఆనవాయితీ. అప్పుడు కిందివాళ్ళు చేతితొడుగులు తియ్యకుండానే చప్పట్లు కొడతారు. వాళ్ళు మర్యాద కోసం దేనికైనా కొడతారు గనక ఆ చప్పట్లని ఎవడూ లెక్కలోకి తీసుకోడు. రాసినవాడు తలెత్తి పైకి చూస్తాడు. గ్యాలరీ మెచ్చుకుంటే గట్టెక్కినట్టు. గ్యాలరీ "బూ..." అని ఊళ పెడితే, మర్నాడు పేపర్లన్నీ అదే రాస్తాయి. ఏడాది పొడుగునా మా మాట ఎవరూ వినకపోయినా, ఆ కాస్సేపు ఊళ్ళో చెల్లేది మా మాటే.

ఆ గ్యాలరీ ముందు బల్ల మీద, సరిగ్గా మధ్యలో, ఐవీ స్ప్రాగ్ జీవితమంతా కూర్చుంది. టోపీల కొట్టు వెనకగదిలో పెద్దింటి ఆడవాళ్ళ టోపీలకి ఈకలూ పూలూ కుట్టడం ఆమె పని. సన్నగా, పొట్టిగా ఉండేది. నోరు మాత్రం పెద్దది. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "చేసుకోబోయాను, మధ్యలో ఇంటర్వెల్ వచ్చింది" అనేది. ఆ ఇంటర్వెల్ సంగతే చెప్తున్నాను. మొదటి ప్రపంచ యుద్ధం అయిపోయి పదిహేనేళ్ళు కావస్తున్న రోజులవి.

ఐవీకి తల్లి చిన్నప్పుడే పోయింది. నాన్న ఆల్ఫ్ స్ప్రాగ్ ఇంటింటికీ బొగ్గు సంచులు మోసేవాడు. మెడలో మడతల్లోకి దిగిన నలుపు ఎంత సబ్బు రుద్దినా వదిలేది కాదు. శనివారం సాయంత్రం అయితే చాలు, కూతుర్ని భుజాలకెత్తుకుని గ్యాలరీ మెట్లెక్కేవాడు. సంగీత నాటకాలంటే ఇద్దరికీ పిచ్చి. ఆల్ఫ్ నవ్వు ఒకటుండేది. ముందు కడుపులో గుర్రుమని మొదలై, గొంతులో రెండుసార్లు తట్టుకుని, ఒక్కసారిగా హాలంతా దద్దరిల్లేలా పేలేది. వేదిక మీద హాస్యగాళ్ళు ఆ నవ్వు కోసం కాస్త ఆగి మరీ తర్వాతి మాట అనేవాళ్ళు. ఆ నవ్వు వినపడకపోతే, తెర వెనక "ఇవాళ బొగ్గులాయన రాలేదా?" అని వాకబు చేసేవాళ్ళట.

ఆ నాటకాల్లో కథ ఎప్పుడూ ఒకటే. కొట్టులో పనిచేసే పిల్లని ప్రభువుగారి కొడుకు ప్రేమిస్తాడు. వాళ్ళమ్మ ఠాట్ కుదరదంటుంది. ఆఖర్న ఒక ముసలాయన రొప్పుకుంటూ వచ్చి, ఆ పిల్ల నిజానికి ఎవరో గొప్పింటి బిడ్డ అని చెప్తాడు. అప్పుడు అందరికీ అన్నీ నచ్చేసి, చేతులు పట్టుకుని పాడేస్తారు. చిన్నప్పుడు ఐవీ అది చూసి ఏడ్చేది. పెద్దయ్యాక మండేది.

"అంటే ఆ పిల్ల నిజంగా కొట్టు పిల్లే అయితే చేసుకోడా వాడు?" అని నాన్నని నిలదీసేది.

"కథకి అంత ఆవేశమెందుకే? నారింజకాయ తిను," అనేవాడు ఆల్ఫ్.

లయొనెల్ ఆష్‌కోమ్ పరిచయమైంది కూడా ఈ గ్యాలరీ పుణ్యమే. జడ్జిగారి కొడుకు. పాటలు కట్టేవాడు, నాటకాలు రాసేవాడు. మొదటి నాటకానికి మా గ్యాలరీ చేతిలో చావుదెబ్బ తిన్నాడు. మర్నాడు మరో థియేటర్ పక్కసందులో, గ్యాలరీ వరస దగ్గర ప్రత్యక్షమయ్యాడు. మొదటి ఆట చూడాలంటే పొద్దున్నే వరస కట్టాలి. పనికి పోవాల్సినవాళ్ళు డాగెట్టమ్మ దగ్గర మడతస్టూలు అద్దెకి తీసుకుని, దానిమీద పేరు రాసిన కాగితం గుచ్చి పోతారు. పేరున్న స్టూలుని సాయంత్రం దాకా ఎవరూ కదపరు. రాజుగారొచ్చినా వెనకాలే నిలబడాలి.

"నిన్న నన్ను చూసి ముందు ఊళ పెట్టింది మీరే కదూ? ఎందుకో తెలుసుకోవచ్చా?" అని అడిగాడు లయొనెల్, టోపీ తీసి.

"నిద్రపట్టింది. మధ్యలో మీ పాటలు లేపేశాయి. ఒళ్ళు మండింది," అంది ఐవీ.

అతను నవ్వాడు. కోపం తెచ్చుకోకుండా నవ్వగలిగిన మగవాణ్ణి ఐవీ అంతకుముందు ఒక్కణ్ణే చూసింది, వాళ్ళ నాన్నని. అక్కడే పడిపోయింది. ఆ పైన లయొనెల్ ప్రతి వరసకీ వచ్చేవాడు, స్టూలు మీద ఐవీ పక్కన కూర్చునేవాడు, ఆల్ఫ్ తెచ్చిన మాంసం పచ్చడి రొట్టె పంచుకు తినేవాడు. ఆల్ఫ్ చేత కబుర్లు చెప్పించుకునేవాడు. ఇళ్ళ ముందు కాలిబాటలో, కింది గదిలోకి బొగ్గు పొయ్యడానికి గుండ్రటి కన్నం ఉంటుంది కదా, సంచి దించేముందు ఆల్ఫ్ దానికి టోపీ ఎత్తి, "ఆకలేస్తోందా అమ్మా? ఇదిగో, తిను" అనేవాడు. అది విని లయొనెల్ కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాడు.

"మంచోడే. చేతులే మరీ తెల్లగా ఉన్నాయి," అని తేల్చాడు ఆల్ఫ్.

ఒక ఆదివారం బస్సు పైఅంతస్తులో లయొనెల్ పెళ్ళి మాట ఎత్తాడు. ఐవీ సరేనంది. బస్సు రెండు మలుపులు తిరిగాక అతను గొంతు సవరించుకున్నాడు.

"మా అమ్మతో ఒక చిన్న మాట చెప్పానోయ్. మీ నాన్నగారు సైన్యంలో కెప్టెన్ అనీ, యుద్ధంలో పోయారనీ."

"మా నాన్న బతికే ఉన్నాడుగా!"

"తెలుసు. పెళ్ళయ్యాక మెల్లగా చెప్దాం. అమ్మ గుండె బలహీనం. ఈ ఒక్కటీ నాకోసం..."

ఇక్కడ నేను ఐవీని వెనకేసుకురాను. ఎంత పెద్ద నటుణ్ణయినా నిలబెట్టి కడిగేసే మనిషి, ఆ బస్సులో నోరు కుట్టేసుకుని కూర్చుంది. ప్రేమించింది మరి. లయొనెల్ చెడ్డవాడు కాదు, అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే అక్కడే దిగిపోయేది. నాన్నకి ఏమీ చెప్పలేదు. ఇంటికొచ్చి, మొహం చెల్లక, తలనొప్పని పడుకుంది.

లయొనెల్ కొత్త నాటకం "బొగ్గులో గులాబీ" మెరిడియన్ థియేటర్లో మొదలయ్యే రోజు వచ్చింది. ఆట అయ్యాక హోటల్లో విందు, అందులో లయొనెల్ తల్లి లేడీ ఆష్‌కోమ్ బంధువులందరి ముందూ పెళ్ళి సంగతి చెప్పి ఐవీ వేలికి ఉంగరం తొడగాలి. అంతదాకా ఐవీ ముందు గుమ్మంలోంచి వచ్చి, కింద మెత్తటి కుర్చీలో, ఆవిడ పక్కన ఒద్దికగా కూర్చోవాలి.

"కింద కూర్చుంటే నీకు సరిగ్గా వినపడదేమోనే. గ్యాలరీ వరసలో నీ పేర స్టూలు పెట్టిస్తాలే, అలవాటు పోగొట్టడమెందుకు?" అన్నాడు ఆల్ఫ్, పొద్దున పనికి పోతూ.

"వద్దు నాన్నా. నేను రాను."

"రాకు. పెడితే తప్పేంటి?"

సాయంత్రం నీలం పట్టు గౌనులో ఐవీ ముందు గుమ్మం దగ్గర దిగింది. గ్యాలరీ వరసని ఏళ్ళతరబడి "గోడకి జరగండి, గోడకి జరగండి" అని కసిరిన దర్వాను, ఐవీని పోల్చుకోలేక నడుం దాకా వంగాడు. లోపల లేడీ ఆష్‌కోమ్ బుగ్గ మీద ముద్దు పెట్టి తన పక్కన కూర్చోబెట్టుకుంది. ఇటుపక్క లయొనెల్, గోళ్ళు కొరుక్కుంటూ.

తెర లేచింది. మొదటి అంకం నడుస్తుండగా వేదిక మీదికి ఒక బొగ్గులవాడొచ్చాడు. కథానాయిక గులాబీ వాళ్ళ నాన్న. మెడ నిండా మసి. సంచి దించాడు, టోపీ ఎత్తాడు, "ఆకలేస్తోందా అమ్మా? ఇదిగో, తిను" అన్నాడు.

ఐవీ చటుక్కున లయొనెల్ వైపు తిరిగింది. కిందివాళ్ళు పడీపడీ నవ్వుతున్నారు. ఆ నవ్వుల మీంచి, కప్పు దగ్గర్నుంచి, కడుపులో గుర్రుమని మొదలై, గొంతులో రెండుసార్లు తట్టుకుని, ఆ పెద్ద నవ్వు పేలింది. నటుడు అలవాటుగా ఆగి, పైకి చూసి కన్ను కొట్టాడు. కింద కూర్చున్నవాళ్ళు మెడలు తిప్పి పైకి చూశారు.

"అబ్బ, అంత మొరటుగా నవ్వుతోందెవరు?" అంది లేడీ ఆష్‌కోమ్.

లయొనెల్ తన బూట్ల వైపు చూసుకున్నాడు. ఐవీ నోటి వెంట మాట వచ్చేసింది.

"తెలీదండి."

అన్నాక వెనక్కి తీసుకునే దారి లేదు.  వేదిక మీద ఏం పాడుతున్నారో ఒక్క ముక్క చెవికెక్కలేదు. అబద్ధం అతను చెప్తే ఊరుకుంది, సరే. ఇప్పుడు తన నోటితో, నాన్న నవ్వు వింటూ, తనే నాన్నని లేకుండా చేసింది.

ఇంటర్వెల్‌లో దీపాలు వెలిగాయి. లయొనెల్ తెర వెనక్కి పోయాడు. లేడీ ఆష్‌కోమ్ విసనకర్ర ఊపుకుంటూ, "ఆ బొగ్గులవాడు భలే నవ్వించాడమ్మా. అలాంటి మనుషులు నిజంగా ఉంటారంటావా? అన్నట్టు, పాపం మీ నాన్నగారిది ఏ పటాలం?" అని ఆప్యాయంగానే అడిగింది.

"కాస్త గాలి కావాలండి," అని ఐవీ లేచింది.

ఎర్ర తివాచీ తొక్కుకుంటూ ముందు గుమ్మంలోంచి బయటపడి, థియేటర్ చుట్టూ తిరిగి, పక్కసందులోకి పట్టు గౌను ఎత్తిపట్టుకుని వచ్చింది. స్టూళ్ళన్నీ మడిచి గోడకి చేర్చేసి ఉన్నాయి. డాగెట్టమ్మ గోనెపట్టా కప్పుకుని టీ తాగుతోంది.

"దారి తప్పారమ్మగారూ. మీ గుమ్మం అటు ముందుకుంది," అంది.

"డాగెట్టమ్మా, నేనే."

"ఓసి నీ దుంప తెగ, నువ్వటే! ఎవరో రాణీగారనుకున్నా!" డాగెట్టమ్మ లేచి పక్కకి జరిగింది. ఆవిడ వెనక ఒకే ఒక్క స్టూలు ఇంకా తెరిచి ఉంది. దానికి గుచ్చిన కాగితం మీద ఆల్ఫ్ వంకర అక్షరాల్లో "ఐవీ" అని ఉంది. "దీన్ని మడవనిచ్చాడు కాదే మీ నాన్న. ఆట అయ్యేదాకా ఉంచమన్నాడు. అది రాదురా మగడా అంటే వింటేగా!"

ఐవీ ఆ కాగితం ఊడదీసి గుప్పిట్లో పెట్టుకుంది. మెట్లు ఎక్కడం మొదలుపెట్టింది. ఆ మెట్లు కొత్తగౌనుల కోసం కట్టినవి కావు. సగంలో అంచు చిరిగింది. చిరిగితే చిరిగిందనుకుంది.

ముందు బల్ల మధ్యలో ఆల్ఫ్ పక్కన ఖాళీ ఉంది. దానిమీద అతని టోపీ ఉంది.

"వచ్చావా? దీనికోసం ముగ్గురితో పోట్లాడానే!" అన్నాడు ఆల్ఫ్, టోపీ తీసి చోటిస్తూ. మొహం వెలిగిపోతోంది. "చూశావా? నన్ను పెట్టాడే మీవాడు! అచ్చం నేనే! టోపీ ఎత్తడం చూశావా?"

"చూశాను నాన్నా."

"అంత పెద్ద వేదిక మీద, నేను!"

ఐవీ నాన్న చెయ్యి పట్టుకుంది. 

రెండో సగం మొదలైంది. అయ్యేదంతా ఐవీకి ముందే తెలుసు, అయినా వద్దు వద్దు అని మనసులో మొత్తుకుంటూనే ఉంది. అనుకున్నట్టే ఆఖర్న ముసలి ప్రభువు రొప్పుకుంటూ వచ్చాడు. గులాబీ ఆయన బిడ్డట. చిన్నప్పుడు తప్పిపోయిందట. బొగ్గులవాడు ఊరికే పెంచాడట. ప్రభువుగారు బొగ్గులవాడి చేతిలో ఒక కొత్త టోపీ పెట్టారు. వాడు అది నెత్తిన పెట్టుకుని, వెంటనే మళ్ళీ తీసి, కూతురి ముందు వంగి, "నేను వెనక గుమ్మంలోంచి పోతానమ్మగారూ" అన్నాడు. కింద హాలు హాలంతా గొల్లుమంది.

నటుడు ఆగాడు. పైకి చూశాడు. పెద్ద నవ్వు కోసం ఎదురుచూశాడు.

అది రాలేదు. నటుడు రెండోసారి పైకి చూసి, ఏమీ తోచక, వెనక్కి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. వాడు పోయాక గంటలు మోగాయి, అందరూ చేతులు పట్టుకుని పెళ్ళిపాట ఎత్తుకున్నారు.

ఆల్ఫ్ మోకాళ్ళ మీద ఉన్న తన చేతుల్నే చూసుకుంటున్నాడు. ఎవరికీ వినపడకూడదన్నట్టు మెల్లగా అన్నాడు.

"పెళ్ళికి పిలవొచ్చుగా వాణ్ణి." మళ్ళీ తనే సర్దుకున్నాడు. "ఏదోలే. కథన్నాక అంతే."

తెర పడి, మళ్ళీ లేచింది. నటులంతా వరసగా నిలబడ్డారు. మధ్యలోకి లయొనెల్ వచ్చాడు. కింద చప్పట్లు మోగుతున్నాయి. అతను తలెత్తి గ్యాలరీ వైపు చూశాడు.

గ్యాలరీ ఎటూ తేల్చుకోలేక గింజుకుంటోంది. ఆఖరు ఎవరికీ నచ్చలేదు. కానీ అతను మన ఐవీ చేసుకోబోయేవాడని అందరికీ తెలుసు. వెనక బల్ల మీద చేపల మార్కెట్ బెర్తా, "ఐవీ మొహం చూసి ఊరుకోండర్రా, పిల్ల కాపురం" అని గుసగుసలాడుతూ చుట్టుపక్కలవాళ్ళ నోళ్ళు నొక్కుతోంది. ఒకరిద్దరు చప్పట్లు కూడా మొదలెట్టారు, తలదించుకుని. ఐవీ కోసం.

ఐవీ లేచి నిలబడింది. లయొనెల్ ఆమెని చూశాడు. కింద కుర్చీలో ఉండాల్సిన మనిషి పైన కనపడేసరికి అతని నవ్వు సగంలో ఆగిపోయింది. అతను బాగున్నాడు, ఎప్పటిలాగే. ఐవీకి అతనంటే అప్పటికీ ప్రేమే.

"బూ..." అని ఊళ పెట్టింది.

"ఏయ్, కూర్చోవే! నీకేమైనా మతిపోయిందా?" ఆల్ఫ్ గౌను పట్టి లాగాడు.

"వాళ్ళ నాన్న ఏడీ?" అని అరిచింది ఐవీ.  "పెళ్ళికి వాళ్ళ నాన్నని పిలవరేం? పెంచినవాణ్ణి పిలవండి! నాన్నని పిలవండి!"

 బెర్తా పక్కవాళ్ళ నోటి మీది చెయ్యి తీసేసి, "అవును! నాన్నని పిలవండి!" అని కేకేసింది. అంతే, గ్యాలరీ గ్యాలరీ లేచింది. కాళ్ళతో చెక్కనేలని దడదడా బాదుతూ, ఒకే గొంతుతో, "నాన్నని పిలవండి! నాన్నని పిలవండి!" కిందివాళ్ళ నెత్తిన కప్పు మీది దుమ్ము రాలింది. పెద్దపెద్దవాళ్ళు భుజాలు దులుపుకుంటూ పైకి చూశారు. వేదిక మీద, వరస చివర ఎక్కడో నిలబెట్టిన బొగ్గులవాడి వేషగాడు, ఎవరూ పిలవకుండానే ముందుకొచ్చాడు. లయొనెల్‌ని దాటి వచ్చి, కొత్త టోపీ తీసి కింద పడేసి, గ్యాలరీకి వంగి దండం పెట్టాడు.

మెట్లు దిగి సందులోకొచ్చాక ఆల్ఫ్ కూతుర్ని నిలేశాడు.

"నాటకం బాగోకపోతే బాగోలేదు. నిన్ను చేసుకోబోయేవాడే వాడు! నలుగుర్లో పరువు తీస్తావా?"

ఐవీ చెప్పేసింది. బస్సులో మాట, కెప్టెన్ మాట, ఇందాక కుర్చీలో తనన్న మాట, అన్నీ. ఏదీ దాచలేదు, తనని తాను వెనకేసుకురాలేదు. ఆల్ఫ్ గోడకానుకుని విన్నాడు. డాగెట్టమ్మ స్టూళ్ళు సర్దుతున్నట్టు నటిస్తూ మొత్తం వింది. ఈ కథ నాదాకా వచ్చింది అలాగే.

"ఎలా చచ్చిపోయానంట నేను?" అన్నాడు ఆఖరికి ఆల్ఫ్.

"యుద్ధంలో. కెప్టెన్‌వి నువ్వు."

"కెప్టెన్‌నా?"

"ఊఁ."

ఆల్ఫ్ కూతురు చేతిలో నలిగిన కాగితం చూశాడు, చిరిగిన గౌను అంచు చూశాడు. ఇద్దరూ నడవడం మొదలుపెట్టారు. బస్సుకి పోవాలంటే ముందు గుమ్మం మీదుగానే పోవాలి. సందు మలుపు తిరుగుతుండగా ఆల్ఫ్ కడుపులో ఏదో గుర్రుమంది.

"కెప్టెన్‌నంట! బొగ్గు సంచి వేసుకుని గుర్రమెక్కానేమో!" గొంతులో రెండుసార్లు తట్టుకుని, ఆ నవ్వు వీధంతా పేలింది.

ముందు గుమ్మం దగ్గర కార్ల కోసం నిలబడ్డవాళ్ళంతా ఇటు తిరిగారు. వాళ్ళలో లేడీ ఆష్‌కోమ్ ఉంది. పక్కన లయొనెల్, పాలిపోయిన మొహంతో. ఐవీ నాన్న చంకలో చెయ్యి వేసి, దర్వానుని దాటుకుని, తిన్నగా ఆవిడ ముందుకే నడిపించింది.

"ఇందాక అడిగారు కదండీ, అలా నవ్వేదెవరని. తెలీదన్నాను. అది అబద్ధం. మా నాన్న. ఆల్ఫ్ స్ప్రాగ్. బొగ్గులు మోస్తాడు. ఏ పటాలంలోనూ చావలేదు."

లేడీ ఆష్‌కోమ్ కొడుకు వైపు తిరిగింది.

"ఐవీ, ఆఖరు మార్చేస్తాను, ఒట్టు. రేపే మార్చేస్తాను," అన్నాడు లయొనెల్.

"మారుస్తావు, తెలుసు. కాగితం మీద. ఇప్పుడు ఇక్కడ మా నాన్నతో చెయ్యి కలుపు, మీ అమ్మ ముందు."

లయొనెల్ చెయ్యి కదిలింది. కాస్త ముందుకు కూడా వచ్చింది. అంతలో తల తిప్పి వాళ్ళమ్మ మొహంలోకి చూశాడు. అడుగుతున్నట్టు చూశాడు. ఐవీకి ఆ చూపు చాలింది.

 పెద్దావిడ ఎదురుగా నిలబడి ఊరుకోవడం ఆల్ఫ్‌కి చేతకాదు. పుట్టినప్పట్నుంచీ ఉన్న అలవాటు చొప్పున చెయ్యి నెత్తి మీదికి పోయింది. టోపీ ఎత్తాడు.

"టోపీ పెట్టుకో నాన్నా," అంది ఐవీ.

ఆల్ఫ్ కూతురి వైపు చూశాడు. ఆవిడ వైపు చూశాడు. పెట్టుకున్నాడు. చెవుల దాకా లాక్కుని, గట్టిగా పెట్టుకున్నాడు.